సూది వద్దన్న ఆమె

ఆ ఉదయం నాంపల్లి బస్టాపులో నా పక్కన కూర్చున్న పెద్దామె ఒళ్లో ఒక ముసలి కుక్క ఉంది. దానికి కళ్లు కనబడవు, వెనక కాళ్లు చచ్చుబడ్డాయి. ఆమె వెంట వచ్చిన తమ్ముడు పశువుల దవాఖానకు ఆటో మాట్లాడాడు.

"లే అక్కా. సూది వేస్తే నిద్రలనే పోతది, బాధుండదని డాక్టర్ చెప్పిండు కదా."

"డాక్టర్ చెప్పిండు. ఇది చెప్పలే."

"కుక్క చెప్తదా?"

"పద్నాలుగేండ్ల సంది నాకు చెప్తనే ఉంది."

ఆమె కుక్క నుదుటికి తన నుదురు ఆనించి కళ్లు మూసుకుంది. స్టాపులో ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె తలెత్తి అందరినీ చూసింది.

"నవ్వుండ్రి. మీకు వినపడకుంటే నా తప్పా? ఇంకొన్ని రోజులు ఉంటనంటుంది. పోతనన్ననాడు నేనే తీసుకపోత."

ఆటో ఎక్కి, "ఆబిడ్స్ పోనీ, ఇంటికి," అంది డ్రైవర్‌తో. తమ్ముడు గొణుగుతూ పక్కన కూర్చున్నాడు.

ఇలాంటివి నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ అంతకు ముందు ఏడాది మా కుక్క రాణికి అదే సూది వేయమని సంతకం పెట్టింది నేనే. డాక్టర్‌ని అడిగాను, ఇంట్లో అందరినీ అడిగాను. నేను సంతకం పెడుతుంటే రాణి నా రెండో చేయి నాకుతూనే ఉంది.