అల్వాల్ బస్సులో అత్తాకోడళ్లు

అల్వాల్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే బస్సులో నా పక్కన అత్తాకోడళ్లిద్దరు కూర్చున్నారు. బస్సు కుదిపినప్పుడల్లా కోడలు ఉబ్బిన పొట్ట పట్టుకుంటోంది.

"ఎన్నో నెల?" అని అడిగాను.

"నెలలు కావక్కా, పిల్లల కోసం ఏసే సూదులతోని ఉబ్బింది," అంది అత్త. "హార్మోన్ లెవల్ మంచిగొచ్చిందంట, ఎల్లుండి అండాలు తీస్తరు. లోపమేమో నా కొడుకుది, పొడిపించుకునేది ఈ పిల్ల."

"జెర మెల్లగ అత్తమ్మా, అందరు వింటున్రు."

"విననీ. నువ్వేం తప్పు చేసినవని?"

అలాంటి అత్త దొరికినందుకు ఆ అమ్మాయిని చూసి నాకు అసూయ కలిగింది. నాకు పిల్లలు కలగలేదు. నలభై ఏళ్ల కిందట ఆస్పత్రులకు నేనొక్కదాన్నే తిరిగాను. పరీక్షలన్నీ నాకే చేశారు, మా ఆయనను ఒక్కసారీ రమ్మనలేదు. లోపం ఎవరిదో తేలకుండానే మా అత్తగారు అది నాదేనని బంధువులందరికీ చెప్పారు.

స్టేషన్ దగ్గర నేను లేస్తుంటే ఆ అమ్మాయి కష్టంగా మోకాళ్లు పక్కకు జరిపి, "పైలంగ దిగుండ్రి అమ్మా," అంది. నీకు మంచి జరుగుతుందని ఒక్క మాట అంటే సరిపోయేది. తలూపి దిగిపోయాను.

ఆమెతో అనని ఆ మాట డైరీలో రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అప్పటికి అండాలు తీసేసి ఉంటారు.