చాచా కోసి కుట్టిన నవలలు

మొన్న మంగళవారం పొద్దున శామీర్‌పేట వెళ్లే బస్సులో ఉండగా చాచీ ఫోన్ చేశారు. "బిడ్డా, మీ చాచా పోయిండు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశారు. నా ఒళ్లో సంచి, సంచిలో ఒక నవల మూడో భాగం. అది ఆయనకు ఇవ్వవలసింది. మూడు వారాలుగా ఇవ్వకుండా నా దగ్గరే దాచుకున్నాను. ఆ వేళ మా ఆఫీసు స్టాపు దాటిపోయి, చెరువు కనబడ్డాక గానీ దిగాలని తోచలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. మేడ్చల్ డిపో నుంచి మా కాలనీకి తిరిగే మలుపులో ఒక మిషన్, ఒక బల్ల పట్టేంత కొట్టు ఉండేది. ఆయన లేడీస్ టైలర్. మేం గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు తీసుకున్న కొత్తలో, చీరకు ఫాల్ వేయించడానికి వెళ్లి, చేతిలో ఉన్న లావుపాటి అనువాద నవల అక్కడే మరిచిపోయి వచ్చాను. మర్నాడు వెళ్తే చీర పెట్టిన చోటే ఉంది. నవల మాత్రం వంద పేజీలు నడిచింది.

"మేడం, చీర రేపిస్త. గీ బుక్కు ఎల్లుండి ఇస్త," అన్నారాయన, తల ఎత్తకుండానే.

నాకు ఒళ్లు మండింది. తెలుగు ఎం.ఏ. చదివినదాన్ని, ఆ నవలను రెండోసారి చదువుతున్నదాన్ని. ఈయనకేం అర్థమవుతుందిలే అనుకుని, కాస్త వెటకారంగానే "ఎలా ఉందండీ?" అని అడిగాను.

"ఆమె అబద్ధమాడుతాంది మేడం. మొదట్ల ఆమె కోటుకు ఒక గుండీ లేదని రాసిండు. మల్ల డాక్టర్ ఇంట్ల, పళ్లెంల ఒక గుండీ ఉందని రాసిండు. ఎవ్వరిదో చెప్పలే. గది ఆమెదే. ఆమె ఆడికి పోయింది."

కొట్టు ముందు నిలబడే పేజీలు తిప్పి చూశాను. పళ్లెం ఉంది, పళ్లెంలో గుండీ ఉంది. నేను రెండుసార్లు దాని మీదుగా నడిచి వెళ్లిపోయాను. చదవడం అంటే ఏమిటో నాకు తెలుసని అప్పటిదాకా ఉన్న గర్వం ఆ మలుపులోనే దిగిపోయింది. ఆ రోజు నుంచి నేను మేడం పోయి బిడ్డనయ్యాను. ఆయన నాకు చాచా, ఆయన భార్య చాచీ అయ్యారు.

లావు నవలలు నా హ్యాండ్‌బ్యాగులో పట్టేవి కావు. పైగా ఉన్నది ఒకే పుస్తకం, ఆత్రం ఇద్దరిదీ. ఒకరోజు ఆయన కొత్త నవల అందుకుని బ్లేడు తీశారు.

"అయ్యో, పుస్తకాన్ని కోసేస్తారా చాచా!"

"కొయ్యకుంటె ఎట్ల కుడతం బిడ్డా?"

కోసి మూడు భాగాలు చేశారు. ఒక్కోదానికి మిగిలిపోయిన జాకెట్ గుడ్డతో అట్ట వేసి, తెల్ల దారంతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు కుట్టారు. అంచులు సమంగా రావాలని కత్తెర ఆడించడంతో పేజీల నంబర్లు ఎగిరిపోయేవి. ప్రతి భాగం చివర ఒక తెల్లకాగితం కుట్టేవారు. ఇక మీద ఏమవుతుందో ఆ కాగితం మీద రాయనిదే తర్వాతి భాగం ముట్టుకోకూడదు. నాకైనా అంతే, ఆయనకైనా అంతే. ఒక నవల ఆయన మొదలుపెడితే, తర్వాతిది నేను.

అలా ఎన్ని దేశాలు తిరిగామో! మంచు ఊళ్లు, ఎడారులు, మలయాళం నుంచి వచ్చినవి, బెంగాలీ నుంచి వచ్చినవి. వాక్యం ఎక్కడైనా ఎగుడుదిగుడుగా ఉంటే నేను అనువాదకుణ్ని తిట్టేదాన్ని. ఆయన ఒప్పుకునేవారు కాదు. "తర్జుమా అంటె ఇంకొకల్ల బట్టను నీ ఒంటికి సరిజేసుడు. పాత కుట్టు జాడలు ఉంటయి, ఉండనియ్యి. తొడుక్కుంటె నీ ఒంటికి ఆనిందా లేదా, గంతే."

సూరారంలో ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళ్లే ఆడవాళ్ల మీద ఈ మధ్య వచ్చిన ఒక కథల పుస్తకం ఇచ్చినప్పుడు మాత్రం రెండు రోజులు కుట్టుపని పక్కన పెట్టి చదివారు. మూడో రోజు మిషన్ ఆపి, "గీ ఆడోళ్ల జాకెట్లు ఎన్ని కుట్టిననో. అందరి కొలతలు నాకు ఎర్కే. గింత బరువు మోస్తున్నరని ఎర్క లేకుండె," అన్నారు. అంత మాట ఏ సమీక్షలోనూ నేను చదవలేదు.

ఒకసారి ఆయన మూడో భాగానికి ఒకటో అట్ట, ఒకటో భాగానికి మూడో అట్ట కుట్టేశారు. అందులో స్టేషన్ మాస్టారు ఒకాయన మొదట్లోనే చనిపోయాడు. కొత్తాయన వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత చూస్తే, పోయిన మనిషే పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు! ఈ కాలం నవలలు ఇలాగే ఉంటాయని, కాలాన్ని తిరగేసి చెబుతారని నేను చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. ఆయన శ్రద్ధగా విన్నారు. ఆఖరి భాగం తెరిస్తే అనువాదకుడి ముందుమాట కనబడింది. చాచీ టీ తెచ్చి, ఇద్దరూ పగలబడి ఎందుకు నవ్వుతున్నారో తెలియక అలా నిలబడిపోయారు.

విప్పి సరిగ్గా కుట్టమన్నాను. ఆయన వినలేదు. "వద్దు బిడ్డా. పోయిన మనిషి మల్ల కనబడుతుండు. గంత మంచిదాన్ని ఎందుకు ఇప్పదీసుడు?"

మా చివరి నవల వాన ఎప్పుడూ కురిసే ఒక దేశానిది. ఊరూరా తిరిగి గొడుగులు బాగుచేసే ముసలాయన కథ. ఈసారి మొదలుపెట్టే వంతు నాది. నేను రెండో భాగం ఇచ్చేసరికే ఆయనకు ఆయాసం ఎక్కువై, కొట్టు మూసి మంచం పట్టారు. దిండుకు ఆనుకుని రోజుకు రెండు పేజీలు చదివేవారు. నేను మూడో భాగం పూర్తి చేశాను. అందులో ముసలాయన ఎవరిదో వసారాలో, ఒళ్లో సగం బాగుచేసిన గొడుగుతో, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడు. దాన్ని తీసుకెళ్లి ఆ మనిషి చేతిలో ఎలా పెట్టను?

"అయ్యిందా బిడ్డా?" అని అడిగారు.

"ఇంకా లేదు చాచా. ఆఫీసులో ఆడిట్. కుదరడం లేదు."

మూడు వారాల్లో మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ అదే చెప్పాను. ఆఖరుసారి నా ముఖంలోకి కాసేపు చూసి, "జల్దీ ఏం లేదు, నిమ్మళంగ సదువు," అన్నారు. ఆ సంచి నా భుజానే ఉంది, పుస్తకం అందులోనే ఉంది. ఆయన కథ చివర తెలుసుకోకుండానే వెళ్లిపోయారు, దానికి కారణం నేనే. బస్సులో చాచీ ఫోన్ వచ్చినప్పుడు నాకు మొదట తట్టింది అదే.

ముఖం చెల్లక ఆగి, శుక్రవారం వెళ్లాను. చాచీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒకటో భాగంతో పాటు ఆకుపచ్చ గుడ్డ అట్ట ఉన్న రెండో భాగం నా చేతిలో పెట్టారు. "నువ్వొస్తె ఇయ్యమన్నడు. ఆఖరి కాయితం సూడమన్నడు."

కొలతలు రాసుకునే పెన్సిల్‌తో, వణికిన అక్షరాలతో రాసి ఉంది:

"ముసలాయన పోతడు. బిడ్డ సదివింది, గందుకే తెస్తలేదు. గీ బిడ్డకు అబద్ధమాడుడు రాదు. మూడో భాగం ముందల పెట్టి కుట్టుకోవాలె."

గుండీ చూసిన మనిషి నన్ను చూడకుండా ఉంటారా? నేను దాచానని అనుకున్నదంతా ఆయనకు తెలుసు. తెలిసే, నిమ్మళంగా చదువుకోమన్నారు. ఆ కాగితం పట్టుకుని చాచీ భుజం మీద తల పెట్టి ఏడ్చాను.

ఆదివారం మధ్యాహ్నం చాచీ ఇచ్చిన సూదీ దారంతో కిటికీ దగ్గర కూర్చున్నాను. మూడోది ముందు, దాని వెనక ఒకటి, ఆ వెనక రెండు. నా కుట్లు వంకరటింకరగా వచ్చాయి. ఆయన చూస్తే మొత్తం విప్పించేవారు.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. వసారాలో ముసలాయన పోయాడు. ఆ ఇంటివాళ్లు ఆయన ఒళ్లోని గొడుగు తీసి, గోడకు ఆనించారు. పేజీ తిప్పాను. వాన కురుస్తోంది. వీధి మలుపులో, భుజాన సంచితో ఆయనే వస్తున్నాడు. మొదటి ఇంటి తలుపు తట్టి అడుగుతున్నాడు: "బాగుచేయాల్సిన గొడుగులేమైనా ఉన్నాయా తల్లీ?"