స్వరూప ముద్రించిన పసుపు ముఖం

మొన్న ఉదయం సూర్యాపేట నుంచి ఫోన్. స్వరూప ఇక లేదన్నారు. ముందురోజు సాయంత్రం నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి, గుండెపోటుతో దవాఖానకు చేరేలోపే వెళ్లిపోయిందట. కోదాడ నుంచి బస్సులో పోతున్నంతసేపూ ఆ వార్త అబద్ధం కావాలనే కోరుకున్నాను.

ఒకే పాఠశాలలో ఆమె చిత్రలేఖనం, నేను తెలుగు బోధించాం. కొట్టొచ్చే రంగులతో ఉండే పాప్ ఆర్ట్ ముద్రణాచిత్రాలు ఆమెకు ప్రాణం. మొదటిసారి ఒకటి చూసినప్పుడు సబ్బు ప్రకటనలా ఉందన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "అవును సార్, అందుకే దూరమున్నోళ్లను గూడ పిలుస్తది" అన్నది.

పెన్‌పహాడ్ దగ్గర గొర్రెలు కాచే కుటుంబం వాళ్లది. తల్లి లింగమ్మను ఒకసారి, సన్నని తెరగుడ్డ గుండా రంగులు అద్దే స్క్రీన్ ప్రింట్‌లో చిత్రించింది. ముఖం పసుపు, జుట్టు నీలం, చీర నిప్పులాంటి ఎరుపు. చుట్టూ బలమైన నల్లని గీత. మిర్యాలగూడ ప్రదర్శనలో దాన్ని చూసి అన్న మల్లేశం ఆగ్రహోదగ్రుడయ్యాడు. అవ్వను నలుగురిలో నవ్వులపాలు చేశావని, వెంటనే దించమని పట్టుబట్టాడు. స్వరూప వాదించలేదు. అవ్వను తీసుకొచ్చి చూపించు, ఆమె వద్దంటే నేనే చింపేస్తానన్నది.

మరునాడు లింగమ్మ వచ్చింది. అప్పటికే ఆమె చూపు బాగా క్షీణించింది. ఇక బాగుపడదని వైద్యులు చెప్పేశారు. బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, ఆ నల్లని గీత వెంట గాలిలోనే వేలు కదిపింది. నుదురు, ముక్కుపుల్ల, గదవ. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఫొటోలల్ల నా మొకం నాకు అవుపడక ఎన్నేండ్లాయెనో బిడ్డా. గీడ అవుపడ్తున్న. ఉండనీ."

స్వరూప కన్నీరు నేను చూసింది ఆనాడే. "అవ్వకు కనబడాలనే గీత గంత లావు గీసిన సార్" అన్నది మెల్లగా. ఆ వర్ణాల ధైర్యం వెనుక ఎంతటి వాత్సల్యమున్నదో అప్పుడు బోధపడింది.

అంత్యక్రియలనాడు పూలదండ వేసిన ఫొటోను మల్లేశం తల్లి ముందుంచాడు. లింగమ్మ దాన్ని అరచేత తడిమింది. నేను పలకరిస్తే గొంతు గుర్తుపట్టి, బిడ్డ తన బొమ్మ గీసుకున్నదా అని అడిగింది.

"ఉంటే గది తెచ్చి పెట్టున్రి సారూ. దీంట్ల నా బిడ్డ కానొస్తలేదు."

ఎందరినో చిత్రించిన స్వరూప తనను మాత్రం గీసుకోలేదు. మల్లేశమే తల్లి పక్కన కూలబడి, "లేదవ్వా" అన్నాడు.

స్వరూపా, నీ చేయి ఇక మాకు దొరకదు. నాకు గీయడం రాదు. ఈ అక్షరాలు మీ అవ్వకు కనిపించవు. అయినా నా దగ్గరున్నవి ఇవే. వీటితోనే నీకు నమస్కరిస్తున్నాను.