సీలు మార్చే పద్ధతి

ఆఫీసులో ఆమెను అందరూ పేజీలక్క అనేవారు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. నీటి మోటార్లు తయారుచేసే పెద్ద కంపెనీ అది. మొదట్లో ఆమె డిస్పాచ్ సెక్షన్లో టైపిస్టు. కంపెనీకి వెబ్‌సైటు పెట్టాలని పైవాళ్ళకు బుద్ధి పుట్టినప్పుడు, ఆ తలనొప్పి మాకొద్దంటే మాకొద్దని సెక్షన్లన్నీ తప్పుకున్నాయి. ఎదురుచెప్పే అలవాటు లేని మనిషి కనుక ఆమె నెత్తిన పెట్టారు. అప్పటినుంచీ ఎవరు ఏ కాగితం తెచ్చి బల్లమీద పడేస్తే దాన్ని పేజీ చేసి పెట్టడమే ఆమె ఉద్యోగం. ధరలు, డీలర్ల చిరునామాలు, కొత్త గోడౌను ప్రారంభం, పాత చైర్మనుగారి సంతాపసభ. పెట్టమన్నవాళ్ళే గానీ తీయమన్నవాళ్ళు లేరు. కొడుకుల పెళ్ళిళ్ళయినప్పుడల్లా ఒక గది కలుపుకుంటూ పోయిన ఇల్లులా సైటు పెరిగింది. ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో కొత్తగా వచ్చినవాడికి అంతుపట్టదు.

ఆ వందల పేజీల్లో ఆమె తనంతట తాను పెట్టింది ఒక్కటే. పాత ఆకుపచ్చ మోటారులోంచి నీళ్ళు కారితే లోపలి రబ్బరు సీలు మార్చుకునే పద్ధతి. వరసగా బొమ్మలు, బొమ్మ కింద రెండు ముక్కలు. బొమ్మల్లో చేతులు తప్ప మనిషి కనిపించడు. స్పానరు తిప్పుతున్న చేయి, షాఫ్టు మీద కొత్త సీలును మెల్లగా జార్చుతున్న వేళ్ళు. అవి ఆమె భర్త చేతులు.

ఆయన అదే కంపెనీ రిపేరు షెడ్డులో మేస్త్రి. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక ఆయన మోటారు విప్పాడు. ఆమె ఒక చేత్తో లైటు, ఒక చేత్తో కెమెరా పట్టుకుంది. “మొహం తీయకు. మొహం చూపిస్తే మోటారు బాగవదు” అన్నాడు. అప్పటికి ఎడమ బొటనవేలి గోరు సుత్తి దెబ్బకు నల్లబడి ఉంది. అదీ బొమ్మలో వచ్చింది. ఒకదాంట్లో మూలగా ఆమె వేలు అడ్డుపడింది. దాన్ని కత్తిరించి తీసేయడం అప్పట్లో ఆమెకు చేతకాక అలాగే వదిలేసింది.

ఆ చేతులకు తరవాత వణుకు పట్టుకుంది. ఒకరోజు బిగించబోయిన స్క్రూ జారి కింద పడింది. కొన్నాళ్ళకు స్క్రూ పడని రోజు లేకుండా పోయింది. షెడ్డులో వాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు, కింద పడ్డవాటిని మాట్లాడకుండా ఏరి ఆయన పక్కన పెట్టేవారు. ఆ ఏరిపెట్టడం భరించలేక ఆయనే మానేసి వచ్చాడు. ఇది తగ్గే జబ్బు కాదు, ముదరకుండా చూడటమే మా పని అన్నాడు డాక్టరు. ముదిరింది. ఇప్పుడు చొక్కా గుండీలు ఆమె పెడుతుంది. గ్లాసు సగమే నింపుతుంది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, తలను కిందికి తెచ్చుకుని తాగుతాడు. ఆ సమయంలో ఆమె వంటగదిలో ఏదో పని కల్పించుకుంటుంది.

ఇంట్లో కూర్చున్న ఆయనకు మిగిలిన పని ఒక్కటే. ఫోన్లో ఆ పేజీ తెరిచి చూడటం. బొమ్మలకోసం కాదు. పేజీ అడుగున, ఇప్పటివరకు ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటుంది. వెనకటి సైట్లకు అదొక ముచ్చట. ఆ అంకె రోజూ పెరిగేది. సాయంత్రం ఆమె ఇంకా చెప్పులు విప్పకముందే చెప్పేవాడు.

“ఇదిగో, పొద్దుట్నుంచి తొమ్మిదిమంది పెరిగారు.”

“ఎక్కడివాళ్ళంటారు?”

“ఎక్కడివాళ్ళయితేనేం. పాత మోటారున్నవాళ్ళు. రెండో బొమ్మ దగ్గర తికమకపడుతుంటారు. అందుకే మళ్ళీ మళ్ళీ వచ్చి చూస్తున్నారు.”

ఆ మాట అంటున్నంతసేపూ ఆయన షెడ్డులో మేస్త్రే. ఆమె బల్లమీద సంచి పెట్టి, “మరి రెండో బొమ్మ కింద ఇంకో ముక్క రాయనా?” అని అడిగేది. వద్దనేవాడు. చేతులు చూస్తే తెలిసిపోవాలనేవాడు.

ఇలా ఉండగా సైటు మొత్తాన్ని కొత్తగా కట్టాలని పైవాళ్ళు నిర్ణయించారు. ప్లాను గీయడానికి బయటినుంచి ఒక సంస్థను పిలిచారు. ఆ బృందం పెద్ద ఎప్పుడూ తెల్లబూట్లతో వచ్చేవాడు. వానాకాలంలో కూడా వాటిమీద మరక ఉండేది కాదు. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడని మర్యాదస్తుడు. మూడో అంతస్తులో పొడవాటి గది ఖాళీ చేయించి, ఒక గోడ నిండా తెల్లకాగితం అంటించారు. దానిమీద పేజీకొక రంగు చీటీ. కుడివైపు ఉంచేవి, మధ్యలో ఒకదాంట్లో ఒకటి కలిపేసేవి, ఎడమవైపు తీసేసేవి. చీటీలు రాసి అందించడం పేజీలక్క పని. ఆమె చేతిరాత గోడంతా పాకింది.

రోజూ మీటింగే. ప్రతి సెక్షనూ తమ పేజీలు మొదటి పేజీలోనే కనబడాలని పట్టుబట్టింది. సేల్స్ మేనేజరైతే కుర్చీలో కూర్చోవడం మానేసి గోడ దగ్గరే కాపలా కాశాడు. తెల్లబూట్లాయన నవ్వుతూనే అడిగాడు. “సార్, గుమ్మంలో మంచం, గుమ్మంలో పొయ్యి, గుమ్మంలోనే బీరువా పెడితే మనిషి లోపలికెలా వస్తాడు?”

“మా మంచం ఒక్కటి ఉంచండి. మిగతావి తీసేయండి” అన్నాడు సేల్స్ మేనేజరు. గదంతా గొల్లున నవ్వింది.

తగువు ఎంతకీ తెగకపోయేసరికి తెల్లబూట్లాయన ఒక నియమం పెట్టాడు. మనుషులు వస్తున్న పేజీ ఉంటుంది, రాని పేజీ పోతుంది. ఎవరి పలుకుబడీ చెల్లదు. అందరూ మొహాలు ముడుచుకున్నారు. పేజీలక్కకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆకుపచ్చ మోటారు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. జనం ఎవరికి వారే మోటార్లు విప్పుకోవడం సర్వీసు సెక్షనుకు సుతరామూ ఇష్టం లేదు. ఆ పేజీని కాపాడమని ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తెలియక ఆమె అన్నం సహించకుండా తిరుగుతోంది. ఇప్పుడు ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. రోజూ చూస్తున్నవాళ్ళున్నారు, వాళ్ళే కాపాడతారు అనుకుంది. ఇంట్లో ఆయనకు ఈ గండం సంగతి చెప్పనేలేదు. గట్టెక్కాక చెబుదామనుకుంది.

సీలు పేజీ చీటీ వంతు వచ్చింది. సర్వీసు మేనేజరు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. “ఆ మోటారే లేదు కదమ్మా, ఇంక దానికి సీలెందుకు?”

“కొన్నవాళ్ళ దగ్గరుందండి. రోజూ వచ్చి చూస్తున్నారు.”

ఆ గదిలో ఎవరూ అడగకుండా ఆమె నోరు తెరవడం అదే మొదలు. అందరూ ఇటు తిరిగారు. తెల్లబూట్లాయన, “చూద్దాం మేడమ్, దాందేముంది” అని తనతో వచ్చిన అమ్మాయికి సైగ చేశాడు. ఏ పేజీకి ఎంతమంది, ఎక్కడినుంచి వస్తున్నారో లెక్కతీయడం ఆ అమ్మాయి పని. పేజీలక్కంటే ఆమెకు అభిమానం, మధ్యాహ్నాలు పక్కనే కూర్చుని తినేది.

“వస్తున్నారక్కా, బాగానే వస్తున్నారు” అంది అమ్మాయి ఉత్సాహంగా. పేజీలక్క చీటీని కుడివైపు అంటించడానికి లేచింది కూడా. అంతలో అమ్మాయి నొసలు చిట్లించి, కంప్యూటర్ మీదికి ఇంకాస్త వంగింది.

“ఆగక్కా. ఇవన్నీ ఒకే ఫోన్ నుంచి.”

లెక్కంతా ఎదుటి గోడ మీది తెరపై వేసి చూపించింది. ఒకే ఫోన్. రోజుకు కొన్నిసార్లు. తెరిచినప్పుడల్లా వెంటవెంటనే మూడు, నాలుగు, ఒక్కోసారి అయిదుసార్లు.

“మనిషెవరూ ఇలా తెరవరు. ఇది మెషీన్ అయ్యుంటుంది. ఊరికే సైట్లన్నీ తడుముకుంటూ తిరిగే మెషీన్లుంటాయి” అని వివరించింది అందరికీ.

“చచ్చిన మోటారుకు మెషీనే చుట్టమన్నమాట” అన్నాడు సర్వీసు మేనేజరు. మళ్ళీ నవ్వులు.

పేజీలక్కకు గోడ మీది ఆ లెక్క ఒక్కటే కనిపిస్తోంది. ఇంట్లో ఆయన వేలు ఫోన్ తెరకు ఒకసారి తగిలి ఆగదు. వణికినంతసేపూ తగులుతూనే ఉంటుంది. తగిలినప్పుడల్లా పేజీ మళ్ళీ తెరుచుకుంటుంది. అడుగున అంకె ఒకటి పెరుగుతుంది. పొద్దున ఒక అంకె చూసి, మధ్యాహ్నం దానికంటే పెద్దది చూసి, ఈ మధ్యలో ఎవరో వచ్చి వెళ్ళారనుకున్నాడు ఆయన. సాయంత్రం ఆ మాట విని ఆమె కూడా అలాగే అనుకుంది. పాత మోటారున్నవాళ్ళు, రెండో బొమ్మ దగ్గర తికమకపడేవాళ్ళు, మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు, అందరూ ఆ ఒక్క వేలే.

“మెషీనే కదక్కా?” అని అమ్మాయి అడిగింది. రాసుకోవడానికి అడిగింది, అంతే.

మనిషేనని చెప్పొచ్చు. ఎవరని అడుగుతారు. చెబితే నవ్వులు ఆగిపోతాయి. ఎవరో నాలుక చప్పరించి అయ్యో పాపం అంటారు. భోజనాల వేళకు మాట షెడ్డు దాకా పాకుతుంది. మేస్త్రి ఇంట్లో కూర్చుని పొద్దస్తమానం తన చేతుల బొమ్మలు తానే చూసుకుంటున్నాడట అని. మొహం తీయొద్దన్న మనిషి.

“అయ్యుంటుంది” అంది.

చీటీ ఆమె చేతిలోనే ఉంది. ఎవరూ చెప్పకుండానే నడిచి వెళ్ళి ఎడమవైపు అంటించింది. మిగతా చీటీలు నాలుగుసార్లు ఊడిపడేవి గానీ ఇది నొక్కగానే పట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆయన ఏడుగురు పెరిగారన్నాడు. ఆమె మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి, బోర్లించి వచ్చి కూర్చుంది.

“ఏమండీ, ఆ బొమ్మలన్నీ మీ ఫోన్లో దాచిపెట్టనా? ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు.”

“దేనికీ? నా చేతులు నాకు తెలియవా?” అన్నాడు. “చూసేవాళ్ళకు ఉంటే చాలు.”

తరవాత చాలా సాయంత్రాలు వచ్చాయి. ఏ సాయంత్రమైనా చెప్పి ఉండొచ్చు. చెప్పాలంటే రెండూ చెప్పాలి. తీసేస్తున్నారని ఒక్కటే చెబితే, ఇంతమంది చూస్తుంటే ఎలా తీసేస్తారని అడుగుతాడు. ఆ ప్రశ్నకు ఆమె దగ్గరున్న జవాబు ఒక్కటే. దాన్ని నోటిదాకా తెచ్చుకోవడం, మింగేయడం, ఆయన గుండీలు విప్పి పడుకోబెట్టడం. రాత్రిళ్ళు పక్కన ఆ చేతులు నిద్రలో మాత్రం కదలకుండా ఉండేవి. ఆమె కళ్ళు తెరుచుకునే ఉండేవి.

ప్లానంతా పూర్తయ్యాక చిల్లరపనులు మిగిలాయి. తీసేసిన పేజీకోసం ఎవరైనా వస్తే కనబడే మాట రాయాలి. పేజీలక్కకు అప్పగించారు. చిన్న వాక్యమే కదా, ఇప్పుడే ఇచ్చేస్తుందిలే అనుకున్నారు. ఆమె రోజంతా తీసుకుంది. రాయడం, కొట్టేయడం. మిగతా వందల పేజీలకు ఎవరొస్తారో ఆమెకు తెలియదు. ఒక పేజీకి ఎవరొస్తారో తెలుసు. పేజీ రాకపోతే ఆ మనిషి ముందుగా దేన్ని తప్పుబడతాడో కూడా తెలుసు. చివరికి ఇచ్చింది.

‘ఈ పేజీ ఇప్పుడు లేదు. మేమే తీసేశాం. మీరు చేసిన తప్పేమీ లేదు.’

తెల్లబూట్లాయన రెండుసార్లు చదివాడు. “బాగుంది మేడమ్. కాస్త బరువుగా ఉందేమో. పేజీ రాకపోతే తప్పు తనదని ఎవరనుకుంటారు చెప్పండి?” అని, ఆమె మనసు నొచ్చుకోకుండా, మొదటి వాక్యం ఉంచి మిగతా రెండూ తీసేశాడు. ఆ ఖాళీలో కళ్ళూ నోరూ ఉన్న మోటారు బొమ్మను పెట్టించాడు. అది నవ్వుతూ ఉంటుంది.

కొత్త సైటు వచ్చిన రోజు ఆమె సెలవు పెట్టింది. ఎందుకని ఆయన అడగలేదు. ఆఫీసులో అందరికీ మిఠాయి పంచుతారని మాత్రం అంది, తనకు తీపి పడదంది. పొద్దున ఆయనకు గడ్డం గీసింది. మధ్యాహ్నం ఇద్దరూ తిన్నారు. ఆయన కిటికీ పక్కన కుర్చీలో సర్దుకుని ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

నవ్వే మోటారు వచ్చింది. ఆయన దాన్ని కాసేపు చూశాడు. మళ్ళీ నొక్కాడు. వేలిని చొక్కాకు తుడుచుకుని నొక్కాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, మోకాలికి అదిమి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. ప్రతిసారీ మోటారు నవ్వింది.

“ఇవాళ వేలు మరీ పాడుగా ఉంది” అన్నాడు. “ఎక్కడో పడుతోంది.”

ఆమె మడత ఆపలేదు. మడిచినదాన్నే విప్పి మళ్ళీ మడిచింది.

“ఇదిగో, ఒకసారి నువ్వు నొక్కిపెట్టు.”

లేచి వెళ్ళి పక్కన కూర్చుంది. ఫోన్ అందుకుంది. ఆయన ఆమె వేలివైపే చూస్తున్నాడు. వణక్కుండా, నిలకడగా, ఎక్కడ పడాలో అక్కడే పడింది.

“నీకూ రాలేదా?”

“రాలేదండీ.”

ఇప్పుడు అడుగుతాడని ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన అడగలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వాటిమానాన వాటిని వదిలేసి, కిటికీలోంచి బయటికి చూశాడు. అటే చూస్తూ అన్నాడు.

“పాపం వాళ్ళు. మోటారు సగం విప్పుకుని కూర్చునుంటారు.”