ఆరింట ఒక వంతు

అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్లో మా ఇంటి మీదుగా విమానాలు దిగుతాయి. సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడి వైపు నుంచి ఒకటి వస్తుంటే వంటింటి కిటికీ అద్దం సన్నగా వణుకుతుంది. ఆ చప్పుడుకు నేనిప్పటికీ పక్కింటి పెరడు వైపు చూస్తాను. ఒకప్పుడు అక్కడ వాల్టర్ గారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, విమానం పక్కకు తిరిగేదాకా ఊపిరి బిగబట్టేవారు.

పంతొమ్మిదేళ్లప్పుడు ఆయన జపాన్ దగ్గరి సముద్రంలో, అమెరికా యుద్ధనౌక మీద, విమానాలను కూల్చే తుపాకీ దగ్గర పనిచేశారు. "మామూలు విమానం బాంబు వేసి పక్కకు తిరుగుతుంది. ఆ జపాన్ కుర్రాళ్లు తిరగరు. విమానమే బాంబు," అని చెప్పారు నాకు. ఒకరోజు పొద్దున అలాంటివి రెండు పక్క నౌకను ముంచేశాయి. మధ్యాహ్నం ఇంకొకటి నీళ్లకు ఆనుకుని సూటిగా వచ్చింది. ఆరు తుపాకులూ పేలాయి. కూలాక తెలిసింది, అది తమదేనని. దెబ్బతిన్న విమానాన్ని నౌక పక్కన నీళ్లలో దించి ప్రాణం దక్కించుకోవాలని వచ్చాడు ఆ పైలట్. అతని ఇంటికి మాత్రం శత్రువు చంపాడని కబురు వెళ్లింది.

ఎనభై ఆరో ఏట, గుండె ఆపరేషన్‌కు పన్నెండు రోజుల ముందు, పైలట్ చెల్లెలి చిరునామా దొరికిందని వాల్టర్ గారు మా ఇంటికి వచ్చారు. ఆయన చేతులు వణుకుతాయి కనుక ఉత్తరం నేను రాయాలి. ముప్పై ఒక్క ఏళ్లు ఆడిట్ చేసినదాన్ని. కళ్లలో పడిన ఎండ, దూరం, దొరికిన వ్యవధి, అన్నీ వరసగా పెట్టాను.

"ఆరు తుపాకులు కదా. మీ వంతు ఆరింట ఒకటే," అన్నాను.

"మేడమ్, ఇది ట్యాక్స్ ఫారం కాదు. ఆరో వంతే చచ్చిపోయాడా అతను? అదంతా కొట్టెయ్యండి. నేను కాల్చాను అని రాయండి."

"ఆవిడ తిడితే?"

"తిట్టనివ్వండి. అరవై ఏడేళ్లుగా చెయ్యనివాణ్ణి తిట్టుకుంటోంది."

పది రోజులు జవాబు లేదు. రోజూ రెండు గంటలకు ఆయన మెయిల్‌బాక్స్ నేనే తెరిచేదాన్ని. రాయకుండా ఉండాల్సిందేమో, ఈ దిగులుతోనే ఆపరేషన్ బల్ల ఎక్కుతారేమోనని భయం. పదకొండో సాయంత్రం వాల్టర్ గారింట్లో ఫోన్ మోగింది. నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆయన "యెస్ మేడమ్" అని నాలుగుసార్లు అన్నారు.

"ఏమన్నారు?" అన్నాను, ఫోన్ పెట్టేశాక.

"ముందు ఏడ్చింది. తరవాత, మా అన్న మీ నౌక వైపే ఎందుకొచ్చాడు అని అడిగింది. మమ్మల్ని నమ్మి వచ్చాడమ్మా అన్నాను."

"క్షమించిందా?"

"అది నేను అడగలేదు. రేపు బతికితే ఆదివారం ఫోన్ చెయ్యమంది. అన్న గురించి చెబుతుందట."

బతికారు. నాలుగేళ్లు ఆదివారాలు ఫోన్ చేశారు.

కిందటి నెల కారు వెనక్కి తీస్తూ ఎదురింటివాళ్ల కుక్క కాలు విరగ్గొట్టాను. వాన, మసకబారిన అద్దం, తెరిచి ఉన్న వాళ్ల గేటు, అన్నీ నోటిదాకా వచ్చాయి. తలుపు కొట్టి, "నేనే గుద్దాను," అన్నాను. ఆ మాటకూ ఎదుటి మనిషి నోరు తెరవడానికీ మధ్య ఉండే నిశ్శబ్దం మాత్రం నాకింకా అలవాటు కాలేదు.