మాట పడిపోయిన ఫోను

2023 జూలై. బడులు తెరిచి నెల కావస్తోంది. తెనాలిలో రైల్వే స్టేషన్ నుంచి బజారులోకి వచ్చే దారిలో నాకొక సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. పగిలిన డిస్‌ప్లేలు మార్చడం, నీళ్లలో పడ్డ ఫోన్లను ఆరబెట్టి బతికించడం, ఛార్జింగ్ పిన్నులు వేయడం నా పని. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంటే నాకు కొండంత ధైర్యం. సాఫ్ట్‌వేర్ అంటే మాత్రం కొంచెం చిన్నచూపు. కంటికి కనపడని జబ్బుకు వైద్యమేమిటి అనుకునే రకాన్ని.

అయినా ఫ్లాషింగ్ చేయక తప్పేది కాదు. ఫ్లాషింగ్ అంటే ఫోనులో ఉన్న సాఫ్ట్‌వేర్‌ను తుడిచేసి మళ్లీ ఎక్కించడం. నేను ఎక్కించేది ఎప్పుడూ ఆ ఫోను కంపెనీ వాళ్లు తయారుచేసిన సాఫ్ట్‌వేరే. కస్టమ్ రోమ్ జోలికి ఏనాడూ పోలేదు. కంపెనీ ఒక పాత మోడల్‌ను పట్టించుకోవడం మానేశాక, దాని మీద ఇష్టం చావని వాళ్లెవరో ఎక్కడో కూర్చుని దానికి సరిపడా కొత్త ఆండ్రాయిడ్ తయారుచేసి నెట్‌లో పెడతారు. అదే కస్టమ్ రోమ్. ఊరికే ఇస్తారు గానీ, తేడా వస్తే పూచీ ఎవరికీ లేదు. ఎక్కించేటప్పుడు చిన్న పొరపాటు జరిగినా ఫోను ‘బ్రిక్’ కావచ్చు. అంటే ఇక దాన్ని ఇటుక ముక్క కింద లెక్కేసుకోవడమే. లేనిపోని తద్దినం కొనితెచ్చుకోవడం ఎందుకని నేను దూరంగా ఉండేవాణ్ణి.

ఆ నెల రెండో శనివారం మధ్యాహ్నం, రేపల్లె నుంచి వచ్చే బండి దిగిన జనంలో ఒకావిడ మా షాపు మెట్టెక్కారు. యాభై ఏళ్లుంటాయి. గంజి పెట్టిన నేత చీర. చేతిలో ఉన్న తెల్లకర్రను మడిచి సంచిలో పెట్టుకుని, కౌంటరు అంచును వేళ్లతో తడిమి చూసుకున్నారు.

“ఫోన్లు బాగుచేసే తమ్ముడు ఉన్నాడా అండి?”

“ఉన్నానండి, చెప్పండి.”

ఆవిడ పేరు దయామణి. రేపల్లె దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో సోషల్ టీచర్. కౌంటరు మీద రెండు ఫోన్లు పెట్టారు. ఒకటి డబ్బాతో సహా కొత్తది. రెండోది ఏడెనిమిదేళ్ల పాతది, అంచులన్నీ గీతలు పడి, కింద మధ్యలో నొక్కడానికి గుండ్రటి హోమ్ బటన్ ఉన్న కాలం నాటిది.

“కొత్తదాన్ని పక్కన పెట్టు. పాతది పని చెయ్యాలి నాకు” అన్నారు.

పాత ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాను. బ్యాటరీ బాగుంది, స్క్రీను బాగుంది. జబ్బేమీ కనపడలేదు. అదే చెప్పాను.

“జబ్బు దానికి కాదు తమ్ముడూ, దాని వయసుకి. మా బళ్లో టీచర్ల హాజరు ఫోనులోనే వెయ్యాలి. ఆ యాప్ వచ్చే నెల నించి పాత ఆండ్రాయిడ్‌లో తెరుచుకోదంట. మా మేనల్లుడు వెంటనే ఈ కొత్తది కొనిచ్చాడు. దీని మీద ఎక్కడ చెయ్యి పెట్టినా గచ్చు మీద పెట్టినట్టే ఉంది.”

అప్పుడు ఆవిడ ఫోను ఎలా వాడతారో చూపించారు. టాక్‌బ్యాక్ అని ఫోనులో ఒక ఏర్పాటు ఉంటుంది. తెర మీద వేలు జరుపుతుంటే, వేలి కింద ఏముందో అది పైకి చదువుతుంది. కావలసింది వినపడగానే రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. పాత ఫోనులో ఆవిడ వేలు ఎక్కడికో వెళ్లి దారి తప్పితే, చటుక్కున కింది బటన్ నొక్కేవారు. ఫోను మొదటికి వచ్చేసేది. కొత్తదానికి ఆ బటన్ లేదు. కింది అంచు నుంచి రెండు వేళ్లతో పైకి తోయాలి. తోయడం ఎక్కువైతే ఒకటి, తక్కువైతే ఇంకొకటి తెరుచుకుంటోంది.

“కొన్నాళ్లు వాడితే అలవాటైపోద్దండి” అన్నాను, అందరికీ చెప్పినట్టే.

ఆవిడకు చిర్రెత్తింది. “నెల రోజుల నించి అదే పనిలో ఉన్నా. ప్రేయర్ బెల్లు కొట్టే టయానికి వరండాలో నిలబడి నేను ఇది తోముతుంటే పక్క టీచర్లు చూళ్లేక, ఇటివ్వండి దయామణి గారూ, మేం కొట్టేస్తాం అని లాక్కుంటారు. మంచోళ్లే, ప్రేమతోనే చేస్తారు. కానీ ఉద్యోగంలో చేరిన రోజు నించి నా సంతకం నేనే పెట్టా తమ్ముడూ. అట్టముక్కకి చీలిక కోసుకుని, దాన్ని రిజిస్టర్ మీద ఆనించి, ఆ చీలికలో రాసేదాన్ని. ఇప్పుడు నేను బడికొచ్చానని ఇంకొకరు చెప్పాలా?”

డిస్‌ప్లే పగిలిందనో, స్పీకరు పోయిందనో వచ్చేవాళ్లే నాకు తెలుసు. ఇలాంటి మాటతో వచ్చినవారు అంతకు ముందు ఎవరూ లేరు.

బాపట్లలో కంప్యూటర్ సెంటరు నడిపే నా స్నేహితుడు మురళికి ఈ కస్టమ్ రోముల పిచ్చి ఉంది. ఆవిడ ముందే వాడికి ఫోను చేశాను. మోడల్ పేరు చెప్పగానే, “దానికి మంచి రోమ్ ఉందిరా. కొత్త ఆండ్రాయిడ్ వచ్చుద్ది. నువ్వే చెయ్యి, నేను ఫోనులో చెప్తా” అన్నాడు.

ఫోను పెట్టేసి ఉన్నదున్నట్టు చెప్పాను. “టీచర్ గారూ, ఇది నేనెప్పుడూ చెయ్యలేదండి. మీదే మొదటిది. ఫోనులో ఉన్నవన్నీ పోతాయి. ఖర్మ కాలితే ఫోనే పోద్ది. అన్నీ కుదిరినా, ఇలా మార్చిన ఫోనుల్లో కొన్ని యాప్‌లు తెరుచుకోవు. మీ హాజరు యాప్ ఏమంటుందో మీరు బడికెళ్లి తెరిచేదాకా తెలీదండి.”

ఆవిడ పాత ఫోనును నా వైపు జరిపారు. “మొదటిసారి అని ముందే చెప్పావు చూడు, అందుకని నీకే ఇస్తా. కానీ నేను పక్కనే కూర్చుంటా.”

ఆవిడ కావలసినవన్నీ వేరే చోట దాచుకుని, మళ్లీ సెలవు రోజు చూసుకుని వచ్చారు. నేనూ కంప్యూటర్‌లో ఫైళ్లు సిద్ధం చేసుకున్నాను. మా వృత్తిలో ఎవరికీ కస్టమర్ నెత్తిన కూర్చోవడం నచ్చదు. ఆవిడ కూర్చోవడమే కాదు, నిమిషానికోసారి “ఇప్పుడేం చేస్తున్నావు?” అని అడిగేవారు. మొదట్లో విసుగొచ్చింది. చూసేవాళ్లయితే చూసి ఊరుకునేవారు, ఆవిడకు వినడం తప్ప వేరే దారి లేదు కదా అనిపించాక, చేసే ప్రతి పనీ పైకి చెప్పడం మొదలుపెట్టాను.

“ముందు బూట్‌లోడర్ తాళం తియ్యాలండి. ఫోను ఆన్ కాగానే ముందు లేచే వాచ్‌మన్ అది. కంపెనీ ముద్ర లేని సాఫ్ట్‌వేర్‌ని గడప తొక్కనివ్వదు.”

“తాళం తీస్తే?”

“లోపలున్న సామానంతా ఖాళీ అయిపోద్దండి.”

“కానీ మరి.”

తాళం తీశాను. తర్వాత రికవరీ వేశాను. ఫోను మామూలుగా లేవలేనప్పుడు రిపేరు కోసం తెరిచే చిన్న మెనూ అది. అందులోంచి పాత సాఫ్ట్‌వేర్‌ను తుడిచేసి, కంప్యూటర్ కేబుల్ ద్వారా కొత్తది పంపించాను. సగం దాటాక, ఎంత ఎక్కిందో చూపించే గీత కదలడం ఆగిపోయింది. నా నోరూ ఆగిపోయింది.

“ఏంటి తమ్ముడూ, మాట్లాడవేంటి?”

“ఏం లేదండి, నడుస్తోంది” అని అబద్ధమాడాను. లోపల దేవుళ్లందరికీ మొక్కుతుండగా గీత మళ్లీ కదిలి చివరికంటా వెళ్లింది. ఫోను ఆన్ చేశాను. కొత్త గుర్తు తెర మీద చాలాసేపు తిరిగి తిరిగి, ఉన్నట్టుండి తెల్లగా, అందంగా మొదటి పేజీ వచ్చింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బాపట్లకు ఫోను చేసి అరుద్దామన్నంత సంబరం. వేలు పెడితే జారిపోయేంత చురుగ్గా ఉంది ఫోను.

“వచ్చేసిందండి! చూడండి ఎలా వెలుగుతోందో!” అని ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ వేలు తెర మీద నెమ్మదిగా జరిగింది. పైనుంచి కిందికి, మళ్లీ పైకి. వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి పట్టుకుని ఆగారు. టాక్‌బ్యాక్‌ను లేపే పద్ధతి అది. కింద బటన్ నొక్కారు. ఫోనును చెవి దగ్గర పెట్టుకున్నారు.

“ఇది మాట్లాడట్లేదు తమ్ముడూ.”

“వెలుగుతోందండి, అన్నీ బానే ఉన్నాయి.”

“వెలిగితే నాకేంటి?”

కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు.

కస్టమ్ రోమ్‌లో టాక్‌బ్యాక్ ఉండదు. తెలుగు చదివే గొంతూ ఉండదు. అవీ, ప్లే స్టోరూ కలిసి వేరే మూటగా వస్తాయి. ఆ మూట సంగతి మురళి నాకు చెప్పాడు. “కావాలంటే వేసుకో, వెయ్యకపోతే ఫోను తేలిగ్గా ఉంటది” అన్నాడు. ఫోను ఎంత తేలిగ్గా ఉంటే మా రిపేరు వాళ్లకు అంత గొప్ప. అక్కర్లేనివి పీకేసి చురుగ్గా చేసి ఇవ్వడమే పనితనమని మా నమ్మకం. హాజరు యాప్‌ను విడిగా ఎక్కించవచ్చులే అనుకుని, ఆ మూటను నేనే వద్దనుకున్నాను. తేలిక చేద్దామని ఆవిడ ఫోనుకున్న గొంతే తీసి పక్కన పెట్టాను. కళ్లున్నవాడికి తప్ప ఇంత తప్పు సాధ్యం కాదు.

మురళిని అడిగితే ఇంకో పిడుగు వేశాడు. ఆ మూట రోమ్ ఎక్కించిన వెంటనే, ఫోను మొదటిసారి ఆన్ కాకముందే వేయాలట. ఆన్ అయ్యాక వేస్తే ఒకదానితో ఒకటి పొసగక ఫోను పదేపదే ఆగిపోతుందట. అంతా తుడిచేసి మళ్లీ మొదటినుంచి చేయాలి.

దయామణి గారికి మొహం చూపించలేక, చూపించాల్సిన పనే లేదని గుర్తొచ్చి ఇంకా సిగ్గుపడ్డాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ సంచిలోంచి టిఫిన్ బాక్సు తీశారు. “పులిహోర ఉంది. ముందు నువ్వు తిను. చేతులు వణుకుతున్నట్టున్నాయి, బల్ల మీద స్క్రూడ్రైవరు చప్పుడవుతోంది.”

పులిహోర తిన్నాక మూట డౌన్‌లోడ్‌కు పెట్టాను. అది వచ్చేదాకా ఆవిడ తన క్లాసు కబుర్లు చెప్పారు. పటం మీద కృష్ణా నదిని తాడుతో అతికించి, తనూ పిల్లలూ కలిసి తడుముతూ చదువుకుంటారట. రెండోసారి పని మొదలుపెట్టాను. తుడవడం, రోమ్, వెంటనే మూట. ఈసారి గీత ఆగితే “ఆగిందండి” అన్నాను, కదిలితే “కదిలిందండి” అన్నాను.

అంతా ఎక్కాక ఫోనును ఆన్ చేసి, తెరను బల్లవైపు బోర్లించి పెట్టాను. మొదటి పేజీ వచ్చిందో లేదో నేను చూడలేదు. కాసేపు ఆగి అలాగే తీసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ రెండు బటన్లూ కలిపి నొక్కి పట్టుకున్నారు.

ఫోను ఇంగ్లీషులో ఏదో పలికింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ మాత్రం తొణకలేదు. భాషల పట్టీలో వెతుక్కుంటూ వెళ్లి తెలుగును పట్టుకున్నారు. “వైఫై పాస్‌వర్డ్ చెప్పు తమ్ముడూ” అంటే చెప్పాను. అక్షరం అక్షరం విని కొట్టుకున్నారు. నేను చేయందించబోయి, వరండాలో ఫోను లాక్కునే టీచర్లు గుర్తొచ్చి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. అలా కూర్చోవడం నాకు సోల్డరింగ్ కంటే కష్టమైంది. చివరికి తెలుగు గొంతు దిగింది. బటన్ నొక్కగానే ఫోను “హోమ్ స్క్రీన్” అంది. “ఆఁ, ఇదీ” అని ఆవిడ ఫోనును చీర కొంగుతో తుడుచుకున్నారు.

హాజరు యాప్ కూడా ఎక్కింది. అయితే అది బడి ఆవరణలో తప్ప పని చేయదు. మర్నాడు బడి ఉంది. అక్కడ అది తెరుచుకోకపోతే మేం పడ్డ పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

మర్నాడు పొద్దున్నే షాపు తెరిచి, ఆవిడ ఫోను చేస్తారని ఎదురుచూశాను. బడి పెట్టే వేళ అయింది, దాటిపోయింది. ఒక ఛార్జింగ్ పిన్ను వంకరగా అతికించి మళ్లీ ఊడదీశాను. తెరుచుకోలేదు కాబోలు, నన్ను నొప్పించడం ఇష్టం లేక చెప్పడం లేదు కాబోలు అనుకున్నాను. ఇక ఉండబట్టలేక మధ్యాహ్నం అన్నం వేళకు నేనే చేశాను. వెనక పిల్లల గోల.

“టీచర్ గారూ, నేనండి, తెనాలి నించి. హాజరు పడిందా అండి?”

“పొద్దున్నే పడింది కదా!” అన్నారు ఆశ్చర్యంగా.

“మరి చెప్పలేదేంటండి? ఇక్కడ నాకు పొద్దుట్నించీ ప్రాణం కొట్టుకుంటోంది.”

“అయ్యో, గుర్తే లేదు తమ్ముడూ. వచ్చా, నొక్కా, క్లాసుకెళ్లిపోయా. బడికొచ్చిన సంగతి కూడా ఎవరికన్నా ఫోను చేసి చెప్తారా ఏంటి? ఉండు, పిల్లలు కొట్టుకుంటున్నారు” అని పెట్టేశారు.

నిజం చెప్పొద్దూ, నేను కాస్త చిన్నబుచ్చుకున్నాను. నా మొదటి కస్టమ్ రోమ్ అది. చల్లగా ఉండు తమ్ముడూ అని ఒక్క మాట అంటారని పొద్దుటి నుంచి ఎదురుచూశాను. ఆవిడకు అది గుర్తుకూడా లేదు. సాయంత్రం బల్ల సర్దుకుంటుంటే అర్థమైంది. నెల రోజులుగా నలుగురి మధ్యా బరువుగా మోసిన పనిని ఆవిడ ఆ పొద్దున చేసి మరిచిపోయారు. రిజిస్టర్‌లో సంతకం పెట్టి మరిచిపోయిన రోజుల్లో లాగే. నేను బాగుచేసింది ఆ మరుపునే. అప్పటి నుంచి ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు “బాగైందండి” అనడం మానేశాను. వాళ్ల చేతిలో పెట్టి, వాళ్లు రోజూ దానితో చేసే పనేదో ఒకటి చేసుకునేదాకా మాట్లాడకుండా కూర్చుంటాను. చాలామంది ఆ పని చేసుకుని, నన్ను మరిచిపోయి, అందులోనే తల పెట్టుకుని మెట్టు దిగి వెళ్లిపోతారు. వెళ్లనిస్తాను.