రోమన్ జాడీకి కడప మాటు

2023 ఎండాకాలం. దోహాలో, అబూ హమూర్ హోల్‌సేల్ మార్కెట్‌కు దగ్గర్లో ఉన్న చిన్న ల్యాబ్‌లో పని నాది. పాత కుండల మట్టి ఏ దేశానిదో పరీక్ష చేసి చెప్పే ల్యాబ్. ఏడో తరగతిలో నేను బడిని వదిలేశాను; బడి కూడా ఏమంత ఏడవలేదు. జగిత్యాల నుంచి వచ్చి సైట్లలో గ్రానైట్ పాలిష్ పట్టేవాణ్ణి. ఆ చెయ్యి చూసే ఇక్కడ తీసుకున్నారు. మా ఊళ్ళో మాత్రం "దుబాయ్‌ల కుండలు తోముతడు" అని చెప్పుకుంటారు.

నేను చేసేదాన్ని థిన్ సెక్షన్ అంటారు. కుండ నుంచి గోరంత ముక్క కోసి, గాజు పలకకు అంటించి, వెలుగు అవతలికి పోయేంత పలచగా అరగదీయాలి. అప్పుడు మైక్రోస్కోప్ కింద మట్టిలోని రేణువులు రంగురంగులుగా కనబడతాయి. వాటిని చూసి కుండ పుట్టిల్లు ఎక్కడో చెప్పేది మా డాక్టర్ మేడమ్. పూణే ఆవిడ. ఆవిడ నవ్విందంటే ఆ రోజు ల్యాబ్‌కు పండగే.

ఆ వేసవిలో ఒక ఖతరీ పెద్దాయన జాడీ పంపాడు. రెండు చెవులు, పొడుగు మెడ, అడుగున మొన. రోమన్లు ద్రాక్షసారా నింపి ఓడల్లో పంపే జాడీలు అలాగే ఉంటాయి, ఆంఫొరా అంటారు. ముత్యాల కోసం సముద్రంలో మునిగే కాలంలో ఆయన తాతకు అడుగున దొరికిందట. మ్యూజియానికి ఇస్తానంటే చుట్టాలు "బజారు సరుకు, మీ తాత కోతలు" అని నవ్వారట. తాత మాట నిజమో కాదో మేము తేల్చాలి.

జాడీని చంటిబిడ్డలా మోసుకొచ్చింది ఆయన హౌస్ డ్రైవర్ ఓబులేసు. కడప జిల్లా మనిషి. యజమానిని బాబా అంటాడు.

"పైలమప్పా, యాడన్నా పగిలిందంటే బాబా నన్ను ఫ్లైటెక్కిస్తాడు."

"పగలగొట్టుడే మా డ్యూటీ అన్నా," అన్నాను. పాపం, మొహం మాడిపోయింది.

మేడమ్ గుర్తు పెట్టిన రెండు చోట్ల ముక్కలు తీశాను. ఒకటి భుజం దగ్గర, ఒకటి అడుగున, నల్లగా మురికి పట్టిన చోట. భుజం ముక్కలో అగ్నిపర్వతపు నల్ల ఇసుక మెరిసింది. "ఇటలీ, నేపుల్స్ పక్క మట్టి. తాత నిజమే చెప్పాడు," అంది మేడమ్. తర్వాత అడుగు ముక్క పెట్టి, చూస్తూ చూస్తూ కుర్చీలోంచి లేచిపోయింది.

"ఇది కాల్చిన మట్టి కాదు! సున్నం, ఇటుక పొడి. రోమన్లు నీటి తొట్లకు ఇదే పూసేవాళ్ళు. ఆ కాలంలోనే ఎవరో దీనికి మాటు వేశారు!"

వెంటనే పెద్దాయనకు ఫోన్ వెళ్ళింది. సాయంత్రానికల్లా ఆయన తన మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే గదిలో, అందరికీ చెప్పేశాడు. ఇక ఆ సున్నాన్ని వయసు పరీక్షకు పంపడమే మిగిలింది.

మర్నాడు పెద్దాయన పైన మేడమ్‌తో మాట్లాడుతుంటే, కింద నేనూ ఓబులేసూ కరక్ చాయ్ తాగుతున్నాం. గొప్పలు పోకుండా ఉండలేకపోయాను.

"అన్నా, మీ జాడీకి రోమన్లు మాటు కూడ ఏసిండ్రట! అడుగున, సున్నం, ఇటుక పొడితోని."

చాయ్ కప్పు ఆయన నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"బెల్లం గూడా కనపడిందా అప్పా?"

"బెల్లమా? నడుమ బెల్లం ముచ్చటేందన్నా?"

"నేనే కదప్పా పూసింది! షెడ్డులో పడుండె. ఫ్రిజ్ నీళ్ళు నాకు పడవు, గొంతు పట్టుకపోతాది. దీంట్లో పోసుకుంటి. అడుగు కారతా ఉంటే మా జేజి తొట్టికి పూసినట్టే సున్నం, ఇటుక పొడి, బెల్లం నీళ్ళు కలిపి పూస్తి. అది రోముదని నాకేం తెలుసు?"

"సప్పుడు చెయ్యకుంటే అయిపోదా?" అన్నాను, గొంతు తగ్గించి.

"పరీక్షలో ఇది నిన్న మొన్నటిదని తేలితే, జాడీ మొత్తం దొంగదే అంటారు. బాబా వాళ్ళ తాత అబద్ధాలకోరు అయిపోతాడు. నన్ను పంపితే పంపనీలే."

మెట్లెక్కి వెళ్ళాడు, వెనకే నేనూ. వచ్చీరాని అరబ్బీలో అంతా చెప్పేశాడు. మేడమ్ మెల్లగా కూర్చుండిపోయింది. పెద్దాయన జాడీ వంకా, ఓబులేసు వంకా చాలాసేపు చూశాడు. ఇక ఫ్లైటే అనుకున్నాను.

"నీళ్ళు చల్లగా ఉండేవా?" అని అడిగాడు పెద్దాయన.

"శానా చల్లగా, బాబా."

"మా తాత కూడా ఇందులో నీళ్ళే పోసేవాడు. కారిపోయేవి. ఎంత ప్రయత్నించినా ఆపలేక చివరికి షెడ్డులో పడేశాడు." ఒక్క క్షణం ఆగి, "యల్లా, ఇంటికి పోదాం, కారు తియ్యి," అన్నాడు.

ఆ అడుగు ముక్క స్లైడ్ మీద మేడమ్ కొత్త చీటీ అంటించింది: "ఇటుక దోహా, చెయ్యి కడప." అంటించాక చూసుకుని నవ్వింది కూడా.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలంటారు. కుండ విషయంలో ఆ లెక్క చెల్లదని ఆ జాడీ నేర్పింది. ఏ ఇంటి నుంచి కుండ వచ్చినా ఇప్పుడు రంపం ఆన్ చేసే ముందు కిందికి దిగి, తెచ్చిన డ్రైవర్‌ను పక్కకు పిలుస్తాను.

"అన్నా, నిజం చెప్పు. దీంట్ల నీళ్ళు వోసుకున్నవా?"